దూరపు కంప్యూటరుతో సంభాషణము

టెర్మినల్ అను ఆంగ్లపదమునకు కొస, చివర అని అర్థము. రైలుమార్గము ముగియు స్టేషనును టెర్మినల్ అందురు. బ్యాటరీకి తీగ తగిలించు కొనను కూడ టెర్మినల్ అనియే అందురు. కంప్యూటరు శాస్త్రములో ఈ మాటకు గల అర్థము ఈ రెండింటికిని దూరమైనది కాదు. కంప్యూటరు ఒకచోట నుండును. దానినుండి బయలుదేరిన తీగ మఱియొకచోట, మనుష్యుని యెదుట ముగియును. అట్లు ముగిసినచోట నుంచిన మీటల పలకను, తెరను కలిపి టెర్మినల్ అనిరి. తెర యిచ్చట నున్నను పని జరుగునది అచ్చట.

ఈ చిన్న భేదమును గ్రహింపకపోవుటచే మన విద్యార్థులు రెండు విధముల నష్టపోవుచున్నారు. మంచి కంప్యూటరును కొనలేనివాడు ఆ విద్య తనకు అందదని నిరాశ చెందుచున్నాడు. కొనగలిగినవాడు తెరమీద కనబడునదంతయు తన బల్లమీదనే జరుగుచున్నదని భ్రమించి, తన రహస్యపదమును ఎవరికి చెప్పుచున్నాడో ఎఱుగకయే చెప్పుచున్నాడు. తెలుగు శాఖకు చెందినవానికి ఈ విషయముతో పనియేమి అని కొందరు అడుగవచ్చును. ఇది సంభాషణకును, లిపికిని సంబంధించిన విషయము గనుక వ్రాయుటకు సాహసించితిని.

ఏలూరు గాని తాడేపల్లిగూడెము గాని పోయి రైలు రిజర్వేషను కిటికీవద్ద నిలుచున్నవారికి ఒక మాట బాగుగా తెలియును: "లింకు లేదండీ, ఆగండి." కిటికీ లోపల గుమాస్తా యున్నాడు, తెర వెలుగుచున్నది, మీటలు పనిచేయుచున్నవి, అయినను టిక్కెట్టు రాదు. ఏలయన, ఏ బండిలో ఏ బెర్తు ఖాళీగా నున్నదో ఆ తెరకు తెలియదు. అది తెలిసినది దూరముననున్న వేఱొక యంత్రమునకు.

మన దేశమున రైల్వే రిజర్వేషనులను కంప్యూటరు ద్వారా చేయు పద్ధతి 1985-86 ప్రాంతమున ఢిల్లీలో మొదలయ్యెను. అంతకుముందు పెద్ద పెద్ద లెడ్జర్లలో పేర్లు వ్రాసికొనెడివారు. తిరుగు ప్రయాణమునకు బెర్తు కావలసినచో ఆ స్టేషనుకు టెలిగ్రాము పంపి సమాధానమునకై వేచియుండెడివారు. తరువాత ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికింద్రాబాదు అను ఐదు కేంద్రములలో పెద్ద కంప్యూటరులను నెలకొల్పిరి. అవి అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వ్యాక్స్ జాతి యంత్రములు. ఆ కాలమున దక్షిణమధ్య రైల్వేలోని విజయవాడ డివిజనుకు చెందిన మన ప్రాంతపు స్టేషనులు సికింద్రాబాదు కేంద్రమునకు లోబడినవి. ఏలూరులోని గుమాస్తా ఒక మీట నొక్కినప్పుడు ఆ అక్షరము అద్దె టెలిఫోను తీగమీద మూడువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి అచ్చటి యంత్రమును చేరెడిది. బెర్తు నిర్ణయము అచ్చట జరిగి, టిక్కెట్టు ఇచ్చట అచ్చయ్యెడిది.

ఈ ఐదు కేంద్రములును మొదట దేనికది వేఱుగా నుండెను. ఒక కేంద్రమునకు చెందిన బండిలో మఱియొక కేంద్రపు కిటికీనుండి బెర్తు కోరుట కష్టము. కేంద్రములను కలుపుటకై క్రిస్ అను రైల్వే కంప్యూటరు సంస్థవారు కాన్సర్ట్ అను ప్రోగ్రామును సిద్ధపరచిరి. దానిని మొట్టమొదట అమలుపరచినది 1994 సెప్టెంబరులో, సికింద్రాబాదులోనే. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రములును ఒకదానితో నొకటి అనుసంధింపబడెను. అటుపిమ్మట ఏలూరు కిటికీవద్ద నిలుచున్నవాడు హౌరా నుండి ఢిల్లీకి పోవు బండిలో కూడ బెర్తు అడుగగలిగెను. కిటికీ మారలేదు, గుమాస్తా మారలేదు. తీగకు అవతలి కొసలో మాటలు కలిసినవి.

ఇక టెర్మినల్ పుట్టుక యెట్టిదో చూతము. దీని పూర్వీకుడు టెలిప్రింటరు, అనగా తంతి కార్యాలయములలో చప్పుడుచేయుచు కాగితముమీద వార్తలు అచ్చుకొట్టిన యంత్రము. మన దేశమున తంతి సేవ 2013 జూలైలో నిలిచిపోయినది గనుక నేటి విద్యార్థులలో పెక్కురు దానిని చూచియుండరు. 1960వ దశకములో కంప్యూటరుతో మాటలాడుటకు ఈ టెలిప్రింటరునే వాడుకొనిరి. 1963లో వెలువడిన టెలిటైప్ 33 అను నమూనా సెకనుకు పది అక్షరములు అచ్చువేసెడిది. నేటికిని లినక్స్ యంత్రములో టెర్మినల్ యొక్క పేరు 'టి.టి.వై.' అని కనబడును. అది టెలిటైప్ అను మాటకు సంక్షేపము. తంతి పోయినను తంతివాని పేరు నిలిచినది.

1969 అక్టోబరు 29వ తేదీ రాత్రి లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి చార్లీ క్లైన్ అను విద్యార్థి, సుమారు ఐదువందల కిలోమీటర్ల దూరమున స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థలో నున్న కంప్యూటరులో ప్రవేశించుటకు యత్నించెను. 'లాగిన్' అను ఆంగ్లపదమును ఒక్కొక్క అక్షరముగా టైపు చేయనారంభించెను. 'ఎల్' చేరినది, 'ఓ' చేరినది. 'జి' కొట్టగానే అవతలి యంత్రము స్తంభించెను. సుమారు గంట తరువాత మరల యత్నించి సఫలుడయ్యెను. నేడు ఇంటర్నెట్ అనబడు మహాజాలమునకు మూలమైన ఆర్పానెట్‌లో తొలి సందేశము ఇదియే. గమనింపదగినదేమనగా, ఆ తొలి సందేశము ఉత్తరమును కాదు, చిత్రమును కాదు. ఒక కంప్యూటరు ముందు కూర్చుండి దూరపు కంప్యూటరులో పనిచేయవలెనను కోరిక. అదే సంవత్సరము ఇట్టి సంభాషణకు టెల్నెట్ అను నియమావళి యొక్క తొలిరూపము వెలువడెను. అది స్థిరమైన రూపము దాల్చినది 1983లో.

కాగితపు టెలిప్రింటరు స్థానమున గాజుతెర గల టెర్మినల్ వచ్చెను. వీనిలో ప్రసిద్ధికెక్కినది 1978లో డిజిటల్ సంస్థవారు విడుదల చేసిన వి.టి. 100. దాని తెరమీద అడ్డముగా 80 అక్షరములు, నిలువుగా 24 పంక్తులు, వెరసి 1,920 గదులు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క అక్షరము. చిన్నతనమున చౌకళ్ళ పుస్తకములో గడికొక అంకె వ్రాసిన అందరికిని ఈ ఏర్పాటు సులభముగా బోధపడును.

తెరమీద ఏ గదిలో వ్రాయవలెనో, ఎప్పుడు తెర తుడువవలెనో చెప్పుట ఎట్లు? తీగమీద వచ్చునవి అక్షరములు మాత్రమే గదా. దీనికొక యుక్తి పన్నిరి. అక్షరములకు సంఖ్యలు కేటాయించిన పట్టికలో 27వ సంఖ్యకు ఎస్కేప్ అని పేరు. అది వచ్చినచో, దాని తరువాత వచ్చునవి చదువుటకు గాక ఆజ్ఞగా గ్రహింపవలెనని నియమము. ఎస్కేప్, చదరపు కుండలి, 2, పెద్ద బడి 'జె' వరుసగా వచ్చినచో తెరయంతయు తుడువబడును. ఎస్కేప్, చదరపు కుండలి, 31, చిన్న బడి 'ఎమ్' వచ్చినచో ఆ తరువాతి అక్షరములు ఎఱ్ఱగా కనబడును. నాటకపు వ్రాతప్రతిలో పాత్రల మాటలనడుమ కుండలీకరణములో "ప్రవేశించి", "నిష్క్రమించును" అని వ్రాయుదుము. నటుడు ఆ మాటలను పలుకడు, ఆచరించును. ఎస్కేప్ సూత్రములును అట్టివే. మీరెప్పుడైన తెరమీద అర్థములేని చదరపు కుండలులును అంకెలును కుప్పపడుట చూచినచో, అచ్చట ఏ నటుడో రంగసూచనను పైకి చదివివేయుచున్నాడని గ్రహింపుడు.

కాలక్రమమున బల్లమీదనే స్వయముగా పనిచేయగల చిన్న కంప్యూటరులు చౌకయైనవి. వాటికి ప్రత్యేకముగా టెర్మినల్ కొనుట వ్యర్థముగా తోచెను. చిన్న కంప్యూటరుచేతనే టెర్మినల్ వేషము వేయించు ప్రోగ్రాములు వచ్చినవి. వీనినే టెర్మినల్ ఎమ్యులేటరులందురు. తెలుగులో అనుకరణి అనవచ్చును. నాకు మాత్రము పగటివేషగాడే స్ఫురించును. వేషము కుదిరినచో తహసీల్దారు వేషము చూచి ఊరివారు లేచి నిలుచుందురు. అటులనే అవతలి పెద్ద యంత్రము తనతో మాటలాడుచున్నది నిజమైన వి.టి. 100 అనియే తలంచి సూత్రములను పంపుచుండును. నిజమైన ఆ పెట్టె ఏనాడో వస్తుప్రదర్శనశాలలకు చేరినది. దాని వేషము మాత్రము నేటికిని ప్రతి కంప్యూటరులోను, చేతి ఫోనులోను కూడ బ్రదికియున్నది.

మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్ పరిచయమైనది కూడ ఈ వేషము ద్వారానే. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు ఆ సేవను ప్రారంభించిరి. చిత్రములతో కూడిన ఖాతాలు ఖరీదైనవి. విద్యార్థులు తీసికొనగలిగినది అక్షరములు మాత్రమే వచ్చు షెల్ ఖాతా. టెలిఫోను తీగకు మోడెమ్ తగిలించి, అనుకరణి ప్రోగ్రాము తెఱచి, నిగమ్ వారి యూనిక్స్ యంత్రములో ప్రవేశించి ఉత్తరములు చదువుకొనెడివారు. సెకనుకు 9,600 బిట్లు వచ్చు మోడెమ్ అయినచో, అక్షరమునకు పది బిట్ల చొప్పున సెకనుకు 960 అక్షరములు. 1,920 గదుల తెర నిండుటకు సరిగా రెండు సెకనులు. ఆ తెరనే పాత టెలిటైప్ అచ్చువేసియుండినచో మూడు నిమిషములు దాటెడిది. లెక్క చేసికొని చూడుడు.

ఇప్పుడు ముఖ్యమైన ప్రమాదమునకు వచ్చుచున్నాను. టెల్నెట్‌లో మాటలు పోస్టుకార్డు వలె పోవును. దారిలో నిలుచున్న ఎవ్వడైనను చదువవచ్చును. రహస్యపదము కూడ అట్లే పోవును. 1995లో ఫిన్‌లాండు దేశమున హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు జాలములో ఎవరో పొంచియుండి రహస్యపదములను దొంగిలించిరి. అచ్చటి పరిశోధకుడు తాతు యిలోనెన్ దానికి విరుగుడుగా, సంభాషణమంతయు గూఢలిపిలో జరుగునట్టి ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతిని రచించి ఆ జూలైలోనే ఉచితముగా లోకమునకు ఇచ్చెను. టెల్నెట్ ద్వారమునకు సంఖ్య 23. ఫైళ్ళు పంపు ఎఫ్.టి.పి. ద్వారమునకు 21. ఆ రెండింటి నడుమ ఖాళీగా నున్న 22ను అడిగి తీసికొనెను. ఉత్తరము కవరులో పెట్టి అంటించినట్లయినది. 1999లో ఓపెన్‌బి.ఎస్.డి. బృందమువారు ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. అను రూపమును వెలువరించిరి. నేడు ఎక్కువగా వాడుకలో నున్నది అదియే. విండోస్ వాడువారిలో ప్రసిద్ధమైన పుట్టీ అను ప్రోగ్రామును వ్రాసినవాడు ఇంగ్లండుకు చెందిన సైమన్ టాథమ్. 2018 నుండి విండోస్ 10లో ఎస్.ఎస్.హెచ్. ఆజ్ఞ సహజముగానే లభించుచున్నది. ఆండ్రాయిడ్ ఫోనులో టర్మక్స్ అను ప్రోగ్రాముతో ఇదే పని చేయవచ్చును.

ప్రయోగ విధానము సులభము. ఆజ్ఞల కిటికీ తెఱచి, ఎస్.ఎస్.హెచ్. అను మూడక్షరములను చిన్న బడిలో కొట్టి, ఖాళీ విడిచి, అవతలి యంత్రములో మీకు గల పేరు, దాని వెంట 'ఎట్' గుర్తు, దాని వెంట ఆ యంత్రపు చిరునామా వ్రాసి ఎంటర్ నొక్కవలెను. మొదటిసారి పోయినప్పుడు ఒక ప్రశ్న వచ్చును: ఈ యంత్రము ఎవరో నాకు తెలియదు, దీని వ్రేలిముద్ర ఇది, ముందుకు పోవుదునా? నూటికి తొంబదిమంది చదువకయే 'ఎస్' అని కొట్టుదురు. నా దృష్టిలో ఈ పాఠమంతటిలో ముఖ్యమైన ఘట్టము ఇదియే. గూఢలిపి దారిలోని దొంగను ఆపును గాని, తలుపు తీసినవాడే దొంగయైనచో ఏమి చేయును? కవరు ఎంత గట్టిగా అంటించినను చిరునామా తప్పుదైనచో ఫలమేమి? కావున ఆ వ్రేలిముద్రను ముందుగానే యంత్రాధికారినుండి కాగితముమీదనో ఫోనులోనో తెలిసికొని పోల్చుకొనవలెను. ఒకసారి అంగీకరించిన తరువాత మీ కంప్యూటరు దానిని జ్ఞాపకముంచుకొనును. మఱియొకనాడు ఆ ముద్ర మారినదని హెచ్చరిక వచ్చినచో ఆగుడు. యంత్రమును క్రొత్తగా అమర్చియుండవచ్చును, మోసమును కావచ్చును. కనుగొనక ముందడుగు వేయరాదు.

రహస్యపదము కొట్టునప్పుడు తెరమీద చుక్క కూడ కనబడదు. "మాస్టారూ, కీబోర్డు చెడిపోయిందండీ" అని ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు చెప్పుదురు. చెడిపోలేదు. టెర్మినల్‌లో మీరు కొట్టిన అక్షరమును తెరమీద చూపునది సాధారణముగా అవతలి యంత్రమే. అక్షరము అచ్చటికి పోయి ప్రతిధ్వని వలె తిరిగివచ్చును. రహస్యపదము అడుగునప్పుడు ఆ ప్రతిధ్వనిని ఆపివేయుదురు. హైదరాబాదులోని యంత్రమైనచో ఈ రాకపోకలు మనకు తెలియవు. అమెరికాలోని యంత్రమైనచో అక్షరము రెప్పపాటు ఆలస్యముగా కనబడుట వ్రేళ్ళకు తెలియును.

రహస్యపదమునకు బదులు తాళపుచెవుల జంటను కూడ వాడవచ్చును. అందొకటి బహిరంగమైనది, తాళపుకప్ప వంటిది. దానిని ఎన్ని యంత్రములకైనను తగిలింపవచ్చును. రెండవది రహస్యమైన చెవి. అది మీ కంప్యూటరును విడిచి పోరాదు. స్నేహితునకు వాట్సాప్‌లో పంపరాదు. మన కుఱ్ఱవాండ్రు ఏది అడిగినను ఫోటో తీసి పంపు అలవాటు గలవారు గనుక ఈ మాట విడిగా చెప్పుచున్నాను.

మన ప్రాంతపు కరెంటు సంగతి అందరికిని తెలిసినదే. పెదపాడులో గాలివాన వచ్చినంతనే దీపము పోవును, దానితో సంబంధము తెగును. అప్పుడు అవతలి యంత్రములో మీరు నడుపుచున్న పని కూడ సాధారణముగా ఆగిపోవును. తీగ తెగినదని ఆ పనికి అందు సంకేతమునకు హ్యాంగప్ అని పేరు. టెలిఫోను క్రింద పెట్టివేయుట అను పాత అర్థము అందు మిగిలినది. దీనికి ఉపాయముగా 1987లో స్క్రీన్ అను ప్రోగ్రామును, తరువాత 2007లో టిమక్స్ అను దానిని వ్రాసిరి. ముందుగా వీనిలో నొకదానిని ప్రారంభించి పని అప్పగించినచో, మీ దీపము ఆరినను అచ్చట పని సాగుచునే యుండును. కరెంటు వచ్చిన తరువాత తిరిగి పోయి, ఆగినచోటనుండి అందుకొనవచ్చును. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదులో పరం సేవ అను మహాకంప్యూటరు కలదు. దాని శక్తి సెకనుకు 838 లక్షల కోట్ల గణితక్రియలు. అనుమతి పొందిన పరిశోధకులు దానిని వాడుట ఇట్టి టెర్మినల్ ద్వారానే. అందుకు బల్లమీద నుండవలసినది పదేండ్లనాటి పాత పెట్టెయైనను చాలును.

ఇంత మంచి ఏర్పాటులో మన భాషలకు మాత్రము ఇబ్బంది మిగిలినది. గదికొక అక్షరము అను చౌకళ్ళ పద్ధతి ఆంగ్లలిపి కొలతకు కుట్టిన చొక్కా. 'స్త్రీ' అను మాటను చూడుడు. కంటికి ఒకే అక్షరము. యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము కలిసి ఆరు సంకేతములు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు సంకేతమొక్కింటికి మూడు బైట్లు గనుక తీగమీద పోవునవి 18 బైట్లు. ఇప్పుడు అనుకరణి దీనికి ఎన్ని గదులు కేటాయింపవలెను? ఒకటి యిచ్చినచో ఒత్తులు నలిగిపోవును. మూడు యిచ్చినచో మాట విడిపోయి 'స్ త్ రీ' వలె కనబడును. అంతకంటె చిక్కేమనగా, అవతలి యంత్రము రెండు గదులని లెక్కించి, ఇవతలి అనుకరణి మూడని లెక్కించినచో కర్సరు ఒకచోట, దిద్దుబాటు మఱియొకచోట పడును. ఒక అక్షరము తుడువబోయి మఱియొకదానిని తుడిచివేయుదుము.

ఉర్దూ కష్టము వేఱు. అందు సంకేతమునకు రెండే బైట్లు గనుక ప్రయాణపు ఖర్చు తక్కువ. 'కితాబ్' అను మాట నాలుగక్షరములు, ఎనిమిది బైట్లు. కాని వ్రాత కుడినుండి ఎడమకు సాగవలెను. కాఫ్, తే, అలిఫ్ అను మూడును చేయిచేయి కలుపుకొనవలెను. అలిఫ్ తరువాతి దానితో కలియదు గనుక బే విడిగా నిలువవలెను. విడివిడి గదులలో ఈ కలయిక ఎట్లు కుదురును? నస్తాలీఖ్ వ్రాతలోనైతే మాట పైనుండి క్రిందికి వాలుగా దిగును. ఆ వాలును యంత్రమునకు నేర్పుట ఎంత కష్టమో తెలియవలెనన్నచో, 1927లో మద్రాసులో స్థాపితమైన ముసల్మాన్ అను ఉర్దూ పత్రికను దశాబ్దములపాటు కాతిబులు చేతితోనే వ్రాసిరని గుర్తుచేసికొనిన చాలును.

మన లిపులకై యత్నములు జరుగకపోలేదు. 1991లో భారతీయ ప్రమాణముగా స్థిరపడిన ఇస్కీ సంకేతావళియు, పూణేలోని సి-డాక్ సంస్థవారు వ్యాప్తిలోనికి తెచ్చిన జిస్ట్ సాంకేతికతయు అట్టివి. నేడు కొన్ని అనుకరణులు తెలుగును తృప్తికరముగా చూపుచున్నవి, కొన్ని చూపలేకున్నవి. వీనిలో పెక్కింటి మూలరచన బహిరంగముగా నున్నది. లోపము చూపి వ్రాసినచో చదువువారున్నారు. తెలుగు, ఉర్దూ రెండును చదువగల విద్యార్థులు మన కళాశాలలో నున్నట్లు తక్కినచోట్ల అరుదు. ప్రయోగశాలలోని కంప్యూటరులలో ఒక్కొక్క అనుకరణిని తెఱచి, ఒక పంక్తిలో 'స్త్రీ', రెండవ పంక్తిలో 'కొల్లేరు', మూడవ పంక్తిలో ఉర్దూలిపిలో 'కితాబ్' వ్రాసి, కర్సరును ఒక్కొక్క అడుగు వెనుకకు నడిపి చూడుడు. 'కొల్లేరు' ఎనిమిది సంకేతములు, ఇరువదినాలుగు బైట్లు. ఎన్ని అడుగులు పడినవో, ఎచ్చట తడబడినదో ప్రోగ్రాము పేరుతోను, దాని సంచిక సంఖ్యతోను వ్రాసి తెచ్చినచో, లోపమును ఎట్లు వ్రాసి పంపవలెనో కూర్చుండి చూతము.